ఇండియాకు సర్దుకునే ముందు గరాజ్ సేల్: ఎలా పెట్టాలి, ఎక్కడ తప్పుతాం

మార్చి వచ్చిందంటే మా వాట్సాప్ గ్రూపులో ఒకటే ప్రశ్న. "అక్కా, జూన్‌లో ఇండియా వెళ్ళిపోతున్నాం. ఈ సామానంతా ఏం చేయాలి? గరాజ్ సేల్ పెడితే ఎవరైనా వస్తారా?" ఒక్కొక్కరికీ ఫోన్‌లో చెప్పీ చెప్పీ విసుగొచ్చి, అందరికీ పనికొచ్చేలా ఒకేసారి రాస్తున్నాను. గరాజ్ సేల్ అంటే కారు పెట్టుకునే గరాజ్‌లో, ఇంటి ముందు పాత సామాను పరిచి అమ్ముకోవడం. మేం టెక్సాస్‌లో, డాలస్ పక్క ఊళ్ళో ఉంటాం. మా ఇంట్లో రెండు సేల్స్ పెట్టాం, స్నేహితుల ఇళ్ళలో ఇంకో మూడింటికి నేను కూడా కుర్చీ వేసుకుని కూర్చున్నాను. వేరే రాష్ట్రాల్లో ఉన్నవాళ్ళు రూల్స్ వరకు మీ ఊరివి చూసుకోండి. మిగతాదంతా ఎక్కడైనా దాదాపు ఇంతే.

ముందే ఒక మాట. డబ్బు కోసమే అయితే ఈ శ్రమ పడకండి. రెండు వారాల పని, ఒకటిన్నర రోజు ఎండలో కూర్చోవడం, ఇంతా చేస్తే మా చేతికొచ్చింది ఒకసారి 340 డాలర్లు, ఇంకోసారి 212. గరాజ్ ఖాళీ కావాలి, అందుకోసం పెట్టండి. ధర వేసేటప్పుడు, బేరం దగ్గర బిగుసుకుపోయేటప్పుడు ఇది గుర్తు తెచ్చుకుంటే సగం టెన్షన్ తగ్గుతుంది.

కావలసినవి

- మడత టేబుళ్ళు మూడో నాలుగో. లేకపోతే రెండు అట్టపెట్టెల మీద పాత తలుపు చెక్క వేసి దుప్పటి కప్పినా సరిపోతుంది
- బట్టలు వేలాడదీయడానికి రాడ్డు (గరాజ్‌లో నిచ్చెనను అడ్డంగా కట్టినా చాలు)
- ధరల స్టిక్కర్లు, మాస్కింగ్ టేపు, లావుపాటి నల్ల మార్కర్లు
- ఎక్స్‌టెన్షన్ కార్డు, రెండు మూడు రకాల బ్యాటరీలు
- నడుముకు కట్టుకునే చిన్న సంచి. డబ్బు డబ్బాలో పెట్టి టేబుల్ మీద ఉంచవద్దు
- చిల్లర 100 డాలర్లు: ఒక డాలర్ నోట్లు 40, ఐదు డాలర్ల నోట్లు 8, పది నోటు ఒకటి, క్వార్టర్ల (25 సెంట్ల నాణేల) రోలు ఒకటి (రోలులో 40 ఉంటాయి, అంటే 10 డాలర్లు)
- కిరాణా సంచులు, పాత పేపర్లు, ఒక నోటు పుస్తకం
- మీతో పాటు కనీసం ఇంకో మనిషి. ఒక్కరే మాత్రం పెట్టకండి

1. సామాను మూడు కుప్పలు చేయండి

ఇండియాకు తీసుకెళ్ళేవి ఒక కుప్ప, మనవాళ్ళకు అమ్మేవి ఒకటి, గరాజ్‌లో పెట్టేవి ఒకటి. మనవాళ్ళు ఎక్కువగా పొరపాటు పడేది ఇక్కడే.

ఇక్కడ కరెంటు 120 వోల్టులు, అక్కడ 230. ఇక్కడ కొన్న మిక్సీ, వెట్ గ్రైండర్, రైస్ కుక్కర్ అక్కడ ప్లగ్‌లో పెడితే కాలిపోతాయి. వాటికి ట్రాన్స్‌ఫార్మర్ మోసుకెళ్ళడం దండగ. ఫోన్, లాప్‌టాప్ చార్జర్ల మీద 100–240 అని రాసి ఉంటుంది, అవి పర్వాలేదు. అలా రాసి లేనివన్నీ ఇక్కడే వదిలేయండి.

అలాగని వెట్ గ్రైండర్ తెచ్చి గరాజ్‌లో పెట్టకండి. వచ్చేవాళ్ళు దాన్ని చూసి సిమెంటు కలిపే మిషనా అని అడుగుతారు (నన్ను నిజంగానే అడిగారు). ఇక్కడి కరెంటుకు నడిచే గ్రైండర్‌కు, ఇడ్లీ పాత్రకు, పోపుల పెట్టెకు, పెద్ద స్టీలు డబ్బాలకు అసలు గిరాకీ మన వాట్సాప్ గ్రూపుల్లోనే ఉంది. ఫోటో, ధర, ఎప్పుడు వచ్చి తీసుకెళ్ళవచ్చో ఒక షీట్‌లో పెట్టి లింక్ పంపండి. సోఫా, డైనింగ్ టేబుల్, టీవీ కూడా ముందు అక్కడే పెట్టండి. గరాజ్ సేల్‌కు వచ్చేవాళ్ళు 150 డాలర్లు పెట్టే మూడ్‌లో రారు.

గరాజ్‌లో బాగా పోయేవి: పనిముట్లు, తోట సామాను, పిల్లల సైకిళ్ళు, బొమ్మలు, ఫోటో ఫ్రేములు, దీపాలు, గాజు సామాను, క్రిస్మస్ లైట్లు, ఆఫీసు కుర్చీ. పోనివి: పరుపులు, పాత ప్రింటర్లు, పెద్దవాళ్ళ ఫార్మల్ బట్టలు, డీవీడీలు. పరుపు మీద ఆశ పెట్టుకోకండి. సిటీవాళ్ళు పెద్ద చెత్త తీసుకెళ్ళే రోజు ఎప్పుడో చూసి, ఆ రోజున బయట పెట్టేయండి.

అసలు అమ్మకూడనివి కొన్ని ఉన్నాయి, ఇవి జాగ్రత్తగా చదవండి. ఒక వైపు కమ్మీలు కిందకు జారే పాత రకం బేబీ క్రిబ్‌లను (పసిపిల్లల మంచాలను) 2011 జూన్ నుంచి అమ్మడం నిషేధం. గరాజ్ సేల్‌లో కూడా అమ్మకూడదు. పసిపిల్లలను ఏటవాలుగా పడుకోబెట్టే స్లీపర్లు, క్రిబ్ చుట్టూ కట్టే మెత్తటి బంపర్లు 2022లో ఆ జాబితాలో చేరాయి. రీకాల్ అయిన (ప్రమాదమని వెనక్కి పిలిచిన) వస్తువు ఏదైనా అమ్మకూడదు. పిల్లల సామాను మోడల్ నంబర్‌ను కన్స్యూమర్ ప్రొడక్ట్ సేఫ్టీ కమిషన్ వెబ్‌సైట్‌లో కొట్టి చూడండి, వస్తువుకు ఒక్క నిమిషం పడుతుంది. పిల్లల కార్ సీటు వెనకో అడుగునో ఎక్స్‌పైరీ తేదీ ఉంటుంది. తేదీ దాటినా, అది ఏదైనా యాక్సిడెంట్‌లో ఉన్నా, బెల్టులు కత్తిరించి చెత్తలో వేయండి. ఊరికే కూడా ఎవరికీ ఇవ్వవద్దు.

2. పర్మిషన్ సంగతి తేల్చుకోండి

మూడు చోట్ల చూడాలి. మొదటిది సిటీ. డాలస్ నగరంలో పర్మిట్ తీసుకోవాలి, 12 నెలల్లో రెండుసార్లే పెట్టుకోవచ్చు, ఒక్కోసారి మూడు రోజులకు మించకూడదు. పక్క ఊరికి వెళ్తే రూల్ మారిపోతుంది, కాబట్టి మీ సిటీ వెబ్‌సైట్‌లో గరాజ్ సేల్ అని వెతకండి. రెండోది మీ హెచ్‌ఓఏ, అంటే కాలనీ ఇళ్ళవాళ్ళ సంఘం. కొన్ని కాలనీల్లో ఏడాదికి ఒకటో రెండో వారాంతాల్లో మాత్రమే అందరూ కలిసి పెట్టుకోవాలి. మీ తేదీలకు అది కుదిరితే అదృష్టమే, ప్రచారమంతా వాళ్ళే చేస్తారు. మూడోది టాక్స్. టెక్సాస్‌లో సొంత వాడకానికి కొన్న సామాను అప్పుడప్పుడు అమ్ముకుంటే, ఏడాదికి 3,000 డాలర్ల వరకు సేల్స్ టాక్స్ వసూలు చేయనక్కర్లేదు. కొన్న ధర కంటే తక్కువకే అమ్ముతాం కాబట్టి ఇన్‌కమ్ టాక్స్ గొడవ కూడా ఉండదు.

అపార్ట్‌మెంట్‌లో ఉంటే? పార్కింగ్‌లో పెట్టడానికి ఆఫీసు వాళ్ళు సాధారణంగా ఒప్పుకోరు. సొంత ఇల్లున్న స్నేహితుల దగ్గర ఇద్దరు ముగ్గురు కలిసి పెట్టండి. ఎవరి సామానుకు ఏ రంగు స్టిక్కరో ముందే అనుకుంటే, సాయంత్రం లెక్క దగ్గర మొహమాటాలు ఉండవు.

3. రోజు చూసుకోండి

డాలస్‌లో జూలై, ఆగస్టుల్లో 100 డిగ్రీల ఫారెన్‌హీట్ ఎండలో ఎవరూ కారు దిగరు. ఏప్రిల్, మే, అక్టోబర్ బాగుంటాయి. శుక్ర, శనివారాలు పెట్టండి. శుక్రవారం పొద్దున రిటైరైన వాళ్ళు, కొని మళ్ళీ అమ్ముకునే వాళ్ళు వస్తారు. శనివారం పిల్లల్ని వేసుకుని కుటుంబాలు వస్తాయి. ఆదివారం దండగ. మెమోరియల్ డే, లేబర్ డే లాంటి లాంగ్ వీకెండ్స్ వద్దు, జనం ఊళ్ళు పోతారు. నెల మొదటి వారం జీతాలు పడి ఉంటాయి, అది చూసుకోండి. వసంతకాలంలో ఇక్కడి వానల గురించి తెలిసిందే, అందుకని తర్వాతి వారం కూడా ఖాళీగా ఉంచుకోండి.

ఫ్లైట్‌కు ముందు వారం మాత్రం పెట్టకండి. కనీసం నెల రోజులు గడువుండాలి. చివరి వారంలో మీకు సామాను మీద కోపం తప్ప ఓపిక ఉండదు.

4. ఒక్కో వస్తువూ చేత్తో పట్టుకుని చూడండి

బోరింగ్ పని, కానీ తప్పదు. బట్టల జేబులు, హ్యాండ్‌బ్యాగుల లోపలి అరలు, సూట్‌కేసుల పక్క జిప్పులు, పుస్తకాల పేజీలు, అన్నీ దులపండి. మా స్నేహితురాలి పాత హ్యాండ్‌బ్యాగ్ అడుగున వాళ్ళబ్బాయి సోషల్ సెక్యూరిటీ కార్డు (ఇక్కడి ప్రభుత్వ గుర్తింపు నంబర్ ఉండేది) దొరికింది. ఇంకో గంట ఆగి ఉంటే రెండు డాలర్లకు పోయేది.

ఫోన్లు, టాబ్లెట్లు, మాట్లాడే స్పీకర్లు, వైఫై రౌటర్, వీడియో గేమ్‌లు అన్నింటినీ మీ ఖాతా నుంచి తీసేసి ఫ్యాక్టరీ రీసెట్ చేయండి. కంప్యూటర్ హార్డ్ డిస్క్ తీసి మీ దగ్గరే ఉంచుకోండి. రిమోట్, చార్జర్, స్క్రూలు ఏవైనా ఉంటే జిప్ కవర్లో వేసి ఆ వస్తువుకే టేపుతో అంటించండి.

ఈ చివరి మాట నాకు తెలిసొచ్చింది ప్రెషర్ కుక్కర్‌తో. మొదటి సేల్‌లో ఒక పెద్దాయన వచ్చి మా ఐదు లీటర్ల కుక్కర్‌ను ఇటు తిప్పి అటు తిప్పి, దీంట్లో బీన్స్ ఉడుకుతాయా అని అడిగి, ఆరు డాలర్లిచ్చి సంబరంగా తీసుకెళ్ళాడు. ఆ సాయంత్రం గరిటెల సొరుగు తీస్తే మూలన కుక్కర్ వెయిట్ కనపడింది. ఆయన పేరు తెలీదు, నంబర్ తెలీదు. ఆ వెయిట్ ఇప్పటికీ మా ఇంట్లోనే ఉంది. రెండో సేల్‌లో కుక్కర్ పెట్టినప్పుడు గాస్కెట్ తొడిగి, వెయిట్ మూతకు టేపు వేసి, ఎన్ని విజిల్స్ రావాలో, ఆవిరి పోయేదాకా మూత ఎందుకు తీయకూడదో కాగితం మీద రాసి లోపల పెట్టాను.

5. ధర వేయండి

మనవాళ్ళకు కష్టమైన మెట్టు ఇది. 60 డాలర్లు పెట్టి కొన్న జాకెట్‌ను 4 డాలర్లకు ఇవ్వాలంటే చెయ్యి రాదు. పైగా మనసులో వెంటనే రూపాయల్లోకి మార్చేసుకుని, "అబ్బో, ఐదు వేలు" అనుకుంటాం. మీరు ఎంతకు కొన్నారో కొనేవాడికి అనవసరం. వాడి దృష్టిలో అది తెలియని మనిషి వాకిట్లో పడున్న వాడేసిన జాకెట్.

సుమారుగా నేను వేసే ధరలు ఇవి. పిల్లల బట్టలు 50 సెంట్లు నుంచి డాలర్, పెద్దవాళ్ళవి 1 నుంచి 3, చలికోటు 5. అట్ట పుస్తకాలు డాలర్, పేపర్‌బ్యాక్ 50 సెంట్లు. బొమ్మలు 1 నుంచి 5. పిల్లల సైకిల్ 15. పనిచేసే చిన్న వంటింటి సామాను 5 నుంచి 10. బాగున్న పుస్తకాల అల్మరా 15 నుంచి 20. సామాన్యంగా కొత్త ధరలో పదో వంతు నుంచి నాలుగో వంతు మధ్య ఉంటే కదులుతుంది. 25 సెంట్ల లెక్కలో వేయండి, 1.99 లాంటి వేషాలు వద్దు, చిల్లరతో చస్తారు.

బేరానికి కొంచెం జాగా ఉంచండి. 8కి ఇవ్వాలనుకుంటే 10 రాయండి, 20 రాయకండి. ఎక్కువ రాస్తే బేరం ఆడకుండానే వెళ్ళిపోతారు.

ప్రతి వస్తువుకూ ధర అంటించండి. "అడిగితే చెప్తాం" అని వదిలేస్తే చాలామంది అడగరు. చిన్న చిన్నవి విడిగా రాయలేకపోతే పెట్టెలో వేసి "ఏదైనా 50 సెంట్లు" అని బోర్డు పెట్టండి. మా పెన్నులు, కీచైన్లు, మ్యాగ్నెట్లు, గాజులు అన్నీ అలాగే పోయాయి. పాత మట్టి గాజుల పెట్టె కోసం ఇద్దరు చిన్నపిల్లలు పోట్లాడుకున్నారు.

వేసిన ధర సరైందో కాదో ముందే తెలుసుకోవాలంటే, మీ ఇంటికి పది నిమిషాల దూరంలో ఇంకెవరిదో సేల్ జరుగుతుంటే ముందు వారం వెళ్ళి చూసి రండి. ఆ ఒక్క చుట్టు తిరిగితే మీ స్టిక్కర్లు సగం మార్చుకుంటారు.

6. పదిమందికీ తెలియజేయండి

బుధ, గురువారాల్లో ఫేస్‌బుక్ మార్కెట్‌ప్లేస్, క్రెయిగ్స్‌లిస్ట్, నెక్స్ట్‌డోర్‌లలో పెట్టండి. శీర్షికలో "మూవింగ్ సేల్" అని రాయండి, ఇల్లు ఖాళీ చేస్తున్నారంటే మంచి సామాను ఉంటుందని జనం నమ్మకం. ఫోటోలు ఆరేడు, పనిముట్లు, సైకిళ్ళు, ఫర్నిచర్ కనపడేలా ఉంచండి. ఏ తేదీన దేశం వదిలి వెళ్తున్నారో, ఇల్లు ఎప్పటినుంచి ఖాళీగా ఉంటుందో మాత్రం రాయకండి.

వీధి బోర్డుల విషయంలో అందరూ చేసే తప్పు ఒకటే, కథ రాస్తారు. కారులో పోయేవాడికి మూడు సెకన్లు కూడా ఉండవు. "గరాజ్ సేల్", బాణం, అంతే. అన్ని బోర్డులూ ఒకే రంగు అట్ట మీద రాయండి, ఆ రంగు పట్టుకుని జనం మలుపు మలుపుకూ వచ్చేస్తారు. అట్టపెట్టెకు నాలుగు వైపులా రాసి లోపల ఇటుక పెడితే గాలికి ఎగరదు. కరెంటు స్తంభాలకు, ట్రాఫిక్ గుర్తులకు కట్టకండి, సిటీవాళ్ళు పీకేస్తారు, ఫైన్ కూడా పడవచ్చు.

బోర్డు పనిచేస్తుందో లేదో చూడటం తేలిక. పెట్టాక మీరే మెయిన్ రోడ్డు మీద నుంచి మామూలు వేగంతో కారులో రండి. చదవలేకపోయినా, ఏ మలుపులోనైనా ఎటు వెళ్ళాలో సందేహం వచ్చినా, వెంటనే మార్చండి.

7. ముందు రాత్రి, ఆ పొద్దున

టేబుళ్ళు రాత్రే గరాజ్ లోపల సర్ది ఉంచండి. పొద్దున వాటిని బయటకు జరపడమే ఉండాలి. పెద్ద వస్తువులు, సైకిళ్ళు, పనిముట్లు డ్రైవ్‌వే చివర, రోడ్డు మీదికి కనపడేలా పెట్టండి. ఆ పక్క నుంచి పోయే మగవాళ్ళను కారు దింపేవి అవే. గాజు సామాను పిల్లల చేతికి అందని ఎత్తులో, బొమ్మలు కింద దుప్పటి మీద. ఎక్స్‌టెన్షన్ కార్డు టేబుల్ దాకా లాగి ఉంచితే, పనిచేస్తుందా అన్నప్పుడు పెట్టి చూపించవచ్చు.

గరాజ్‌లో అమ్మనివి ఏవైనా ఉంటే దుప్పటి కప్పి "అమ్మకానికి కాదు" అని రాయండి. రాయకపోతే మా ఆయన కొత్త డ్రిల్లింగ్ మిషన్‌కు పట్టిన గతే పడుతుంది, ఆయన కాఫీకి లోపలికెళ్ళి వచ్చేసరికి పక్కింటి కుర్రాడు, నా సాయంగా ఉన్నవాడే, పది డాలర్లకు ఇచ్చేశాడు.

ఇంటి తలుపు, పక్క గేటు తాళం వేయండి. బాత్రూమ్ అడిగితే దగ్గర్లో ఉన్న గ్యాస్ స్టేషన్ చూపించండి.

పిల్లలు నిమ్మరసం అమ్ముతామంటే అమ్మనివ్వండి. మీ వాకిట్లో పిల్లలు నిమ్మరసం అమ్ముకోవడానికి పర్మిట్ అడగకూడదని టెక్సాస్‌లో 2019లో చట్టమే చేశారు. మా అమ్మాయి ఆ రోజు 31 డాలర్లు సంపాదించింది. నా బట్టల రాడ్డు కంటే ఎక్కువ.

8. అమ్మకం

ఏడింటికి అని రాస్తే ఆరుంపావుకే టార్చిలైటుతో వస్తారు. వాళ్ళు కొని అమ్ముకునే వాళ్ళు, ఏం కావాలో వాళ్ళకు తెలుసు. "ఏడింటికే" అని మర్యాదగా చెప్పవచ్చు. నేనైతే వాళ్ళకు బేరం లేకుండా రాసిన ధరకే ఇస్తాను. పొద్దున్నే బోణీ అయితే ఆ ఉత్సాహం వేరు.

వచ్చిన ప్రతివాళ్ళకూ ఒక గుడ్ మార్నింగ్ చెప్పి వదిలేయండి. వెంటపడి వివరించకండి. మా వైపు సగం మంది స్పానిష్ మాట్లాడేవాళ్ళు వస్తారు. "క్వాంటో?" అంటే ఎంత అని. ఊనో, దోస్, త్రేస్, క్వాత్రో, సింకో, ఐదు దాకా అంకెలు నేర్చుకోండి, మొహాల్లో నవ్వు చూడండి.

బేరం ఇలా ఆడండి. పది రాసినదాన్ని ఐదుకు అడిగితే ఎనిమిది అనండి. ఒక్కటే తీసుకుంటే అంతకంటే తగ్గించకండి, నాలుగు తీసుకుంటే కలిపి తగ్గించండి: "అన్నీ కలిపి 12 ఇవ్వండి". మొదటి గంటలో గట్టిగా ఉండండి, పది దాటాక మెత్తబడండి.

డబ్బు దగ్గర కొన్ని జాగ్రత్తలు. చెక్కులు తీసుకోకండి. రెండు డాలర్ల బొమ్మకు వంద నోటు ఇస్తే చిల్లర లేదని చెప్పండి, దొంగ నోటు మార్చుకోవడానికి అదే పద్ధతి. జెల్, వెన్మో లాంటి ఫోన్ యాప్‌లలో డబ్బు తీసుకుంటే అవతలివాళ్ళ ఫోన్‌లో స్క్రీన్ చూసి కాదు, మీ ఖాతాలో పడిందని చూసుకున్నాకే వస్తువు ఇవ్వండి. ఇరవై డాలర్లు, అంతకంటే పెద్ద నోట్లు చేరితే లోపల పెట్టేసి రండి. ప్రతి అమ్మకం నోటు పుస్తకంలో ఒక గీత, ఒక అంకె, అంతకంటే వద్దు.

9. పది తర్వాత

పదింటికి ఒకసారి టేబుళ్ళు చూడండి. మూడో వంతైనా కదలకపోతే ధరలు ఎక్కువున్నాయని అర్థం. "ఏదైనా సగం ధర" బోర్డు పెట్టేయండి. శనివారం పదకొండున్నరకు కిరాణా సంచి ఒకటి చేతికిచ్చి "నింపుకోండి, మూడు డాలర్లు" అంటే బట్టలు, పుస్తకాలు ఊడ్చుకుపోతాయి. చివరికి మిగిలినవి మళ్ళీ ఇంట్లోకి తేకండి, ఇదొక్కటీ గట్టిగా చెబుతున్నాను. తెచ్చారా, ఇంకో నెల అక్కడే ఉంటాయి. పాత సామాను విరాళంగా తీసుకునే గుడ్‌విల్, సాల్వేషన్ ఆర్మీల్లో ఏదో ఒకచోటికి అదే మధ్యాహ్నం కారులో వేసుకెళ్ళి ఇచ్చేయండి.

ఎలా సాగిందో చూసుకోవడం

సంచిలో డబ్బు లెక్కపెట్టి మీరు పెట్టిన 100 తీసేయండి, ఫోన్‌లో పడింది కలపండి, నోటు పుస్తకంతో సరిచూడండి. ఐదారు డాలర్లు తేడా మామూలే. ముప్పై తేడా వస్తే ఎక్కడో తప్పు చిల్లర ఇచ్చారు. రెండో రోజు ఇంకో మనిషిని డబ్బు దగ్గర కూర్చోబెట్టండి.

మొదటి రోజు మొదటి ఐదుగురిని "ఎలా తెలిసింది?" అని అడగండి. ఐదుగురూ ఆన్‌లైన్ అంటే మీ బోర్డులు ఎవరికీ కనపడటం లేదు, వెళ్ళి జరపండి. జనం వస్తున్నారు, కొనడం లేదు అంటే ధర. కార్లు నెమ్మదిగా వచ్చి ఆగకుండా పోతుంటే, రోడ్డు మీదికి పాత బట్టలే కనపడుతున్నాయన్నమాట. సైకిలు, కుర్చీ ముందుకు తెచ్చి పెట్టండి.

అన్నింటికంటే మంచి పరీక్ష, గరాజ్‌లో కారు పడుతుందా అని చూడటం. 212 డాలర్లు వచ్చిన సేల్‌లో మాకు పట్టింది. 340 వచ్చినప్పుడు పట్టలేదు.

ఈ పని మీద పిచ్చి పట్టినవాళ్ళు కూడా ఉంటారు, వాళ్ళ కోసం చెబుతున్నాను. ఆగస్టు మొదటి గురువారం నుంచి ఆదివారం దాకా మిషిగన్ నుంచి అలబామా వరకు హైవే 127 పొడవునా 690 మైళ్ళు యార్డ్ సేలే. 1987లో మొదలైంది. మీరు కొనడానికి మాత్రం వెళ్ళకండి, ఖాళీ చేసిన గరాజ్ మళ్ళీ నిండుతుంది.

మర్చిపోయేది ఇంకొకటి, బోర్డులు. శనివారం మధ్యాహ్నం అలసిపోయి మేం ఒకటి తీయడం మర్చిపోయాం. ఆదివారం పొద్దున తొమ్మిదింటికి బెల్ మోగింది. నైటీ మీద స్వెట్టర్ వేసుకుని తలుపు తీస్తే ఒకావిడ, సేల్ ఎక్కడ అంది. అంతా అయిపోయిందన్నాను. వెనక గరాజ్‌లో మడిచి పెట్టిన టేబుల్ చూపించి, అదెంత అంది. పక్కింటి వాళ్ళది, అరువు తెచ్చాం అని చెప్పి పంపడానికి పది నిమిషాలు పట్టింది.